డైస్ వేయకముందే సగం ఆట: మినియేచర్ వార్‌గేముల్లో సేనను మోహరించడం ఎలా

ఓడిపోయిన ఆట గురించి అడిగితే ఎవరైనా ముందు డైస్‌నే తిడతారు. నాలుగో టర్నులో ఆరు పడాల్సిన చోట ఒకటి పడిందట, అక్కడే పోయిందట. సరే, ఆ యూనిట్ (ఒక్కటిగా కదిలే బొమ్మ గానీ బొమ్మల గుంపు గానీ) ఆరు పడితే తప్ప బతకని స్థితికి ఎలా వచ్చిందని వెనక్కి తవ్వుకుంటూ పోండి. చాలాసార్లు తేలేది, దాన్ని టేబుల్ మీద మొదట పెట్టిన చోటే బాగోలేదని.

అందుకే మోహరింపు మీద, అంటే ఆట మొదలుకాకముందు బొమ్మల సేనను టేబుల్ మీద ఎక్కడెక్కడ నిలబెట్టాలన్న దాని మీద, ఇంత వివరంగా రాస్తున్నాను. బొమ్మ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోవాలి: నా రెండో టర్ను మొదలయ్యేసరికి ఇది ఎక్కడ ఉండాలి? కింద చెప్పేదంతా ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే.

అంకెలన్నీ వార్‌హ్యామర్ 40,000 పదో ఎడిషన్‌వి, అంటే 2023లో వచ్చిన రూల్స్‌వి. ఎక్కువమందికి తెలిసిన గేమ్ అదే కాబట్టి దాన్ని తీసుకున్నాను. మీరు వన్ పేజ్ రూల్స్ ఆడినా, రెండో ప్రపంచ యుద్ధం మీద బోల్ట్ యాక్షన్ ఆడినా అంకెలు మారతాయి గానీ ఆలోచించే తీరు మారదు.

ముందు టేబుల్ తేల్చుకోండి

రెండు వేల పాయింట్ల ఆటకు (ఒక్కో యూనిట్‌కు పాయింట్లలో ఖరీదు ఉంటుంది, సైన్యం మొత్తం ఖరీదు ఇది) 60 బై 44 అంగుళాల జాగా కావాలి. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు తెచ్చి ఐదడుగుల దగ్గర కోయిస్తే పొడవు సరిగ్గా సరిపోతుంది. వెడల్పులో మిగిలే నాలుగంగుళాలు డైస్‌కూ, చచ్చిన బొమ్మలకూ పనికొస్తాయి. దివాన్ మంచం మీద షీటు పరిచి ఆడేవాళ్లూ ఉన్నారు. ఆడొచ్చు, కాకపోతే పిల్లలెవరైనా మంచం ఎక్కారంటే రెండు సైన్యాలూ కలిసిపోతాయి.

మేం ఆడే టేబుల్ కోనసీమలాగే ఉంటుంది. మధ్యలో పొడవునా కాలువ, రెండు వైపులా గట్లు, కాలువ మీద రెండు వంతెనలు, ఓ మూల కొబ్బరితోట, అక్కడక్కడా పెంకుటిళ్లు. గట్లకు థర్మకోల్ కోసి ఫెవికాల్ రాసి రంపపుపొట్టు చల్లాం. నేలకు సన్నటి ఇసుక. చెట్లకు మొదట కొబ్బరి పీచు, ఈనెలు వాడి చూశాం, బాగానే వచ్చాయి. (రంగుల సంగతి ఒక్కమాట: వానాకాలంలో, గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు స్ప్రే ప్రైమర్ కొట్టకండి. బొమ్మ మీద పొడి రాలినట్టు గరుగ్గా తయారవుతుంది. ఎండ కాసిన రోజు దాకా ఆగండి.)

టేబుల్ పరిచాక, బొమ్మలు డబ్బాలోంచి తీయకముందే, దేనికి ఏ రూల్ అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. పెంకుటిళ్లను శిథిలాల కింద లెక్కేస్తాం: ఇంటి అవతల ఉన్నవాడు ఇవతలికి కనబడడు, కాలినడక సైనికులు గోడలోంచి నడిచిపోవచ్చు, వాహనాలు మాత్రం గోడలోంచి వెళ్లలేవు. తోట దగ్గరే కొత్తవాళ్లు పొరబడతారు. రూల్స్ ప్రకారం చెట్లగుంపు చాటు ఇస్తుంది, అంటే వెనకున్నవాడు గుండు దెబ్బకు కాస్త బాగా తట్టుకుంటాడు. అంతేగానీ కనబడకుండా మాత్రం పోడు. తోట వెనక ట్యాంకు దాచానని నిశ్చింతగా ఉన్నవాళ్లకు మొదటి టర్నులోనే విషయం అర్థమవుతుంది.

కాలువకు అసలు రూల్ పుస్తకంలో ప్రత్యేకంగా ఏమీ లేదు, అందుకని మేమే పెట్టుకున్నాం. కాలువ వెడల్పు మూడంగుళాలు. కాలినడకన దిగితే నీళ్లలో ప్రతి అంగుళానికి రెండు ఖర్చు. వాహనాలు వంతెన మీదుగానే వెళ్లాలి. ఎగిరేవాటికి అడ్డు లేదు. మీరు ఇంకోలా పెట్టుకోండి, ఏమీ పోదు. కానీ మొదటి బొమ్మ దిగకముందే పెట్టుకోండి.

ఇప్పుడు లేచి అవతలి పక్కకు వెళ్లండి. ప్రత్యర్థి కుర్చీలోంచి మీ జోన్, అంటే మీ సేనను పెట్టుకునే భాగం, ఎలా ఉందో చూడాలి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఫోన్ తీసి బొమ్మ తల ఎత్తులో టేబుల్‌కు ఆనించి, కెమెరాలోంచి చూడండి. రెండు ఇళ్ల మధ్య ఓ సందు ఉంటుంది, అందులోంచి మీ జోన్ చివరిదాకా కనబడుతుంది. అలాంటి సందులు ఎన్నున్నాయో గుర్తుపెట్టుకోండి. మీ ఖరీదైన యూనిట్లు ఉండకూడని చోట్లు అవే.

ప్రతి యూనిట్‌కూ ఓ పని

పదో ఎడిషన్‌లో ఆబ్జెక్టివ్‌ల (టేబుల్ మీద గుర్తుపెట్టిన, పట్టు నిలుపుకోవాల్సిన చోట్ల) గెలుపు పాయింట్లు రెండో రౌండు నుంచి లెక్కలోకి వస్తాయి. ఇద్దరి టర్నులూ కలిపితే ఒక రౌండు. మీ టర్ను మొదట్లో, కమాండ్ ఫేజులో, మీ చేతిలో ఎన్ని ఆబ్జెక్టివ్‌లు ఉన్నాయో చూసి పాయింట్లు వేస్తారు. ఆబ్జెక్టివ్‌కు మూడంగుళాల లోపు ఉన్నవాళ్లే లెక్క. జాగ్రత్తగా గమనిస్తే అసలు కిటుకు ఇందులోనే ఉంది. రెండో టర్ను మొదట్లో పాయింట్లు రావాలంటే మీ మనుషులు మొదటి టర్నులోనే అక్కడికి చేరి, ప్రత్యర్థి టర్ను అంతా అక్కడే బతికి ఉండాలి. కాబట్టి మొదటి టర్ను కదలిక ఎంత దూరమో చూసుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ పెట్టే చోటు నిర్ణయించుకోవాలి.

సైన్యం చీటీ మీద ఒక్కో యూనిట్ పక్కన ఒక్కో మాట రాసుకోండి. నాకు నాలుగు మాటలు చాలు: ‘కాపలా’, ‘ముందుకు’, ‘దెబ్బ’, ‘ఆగు’. మన జోన్‌లోని ఆబ్జెక్టివ్ మీద కూర్చునేది కాపలా, దానికి సైన్యంలోకెల్లా చవకదాన్ని వేయండి. మధ్య ఆబ్జెక్టివ్‌లకు పరిగెత్తేది ముందుకు. ప్రత్యర్థి ముందుకొచ్చాక వాణ్ని చంపేది దెబ్బ. రిజర్వులో ఉండేదీ (మొదట టేబుల్ మీద పెట్టకుండా తర్వాత దింపేది), పరిస్థితిని బట్టి కదిలేదీ ఆగు. ఏ మాటా రాయలేని యూనిట్ తేలితే మోహరింపు దాకా ఎందుకు, తర్వాతి ఆటకు దాన్ని లిస్టులోంచే తీసేయండి.

ముందుకు వెళ్లేవాళ్ల కోసం చచ్చేది దెబ్బ యూనిట్ కాకూడదు. మొదటి టర్నులో మధ్యకు వెళ్లినవాళ్లు చాలామటుకు చస్తారు. అది వాళ్ల పనే. వాళ్లను చంపడానికి బయటికొచ్చినవాణ్ని రెండో టర్నులో మన దెబ్బ యూనిట్ అందుకోవాలి. కాబట్టి ‘దెబ్బ’ను ‘ముందుకు’ వెనక, ఒక కదలిక, ఒక ఛార్జ్ (కదిలాక రెండు డైస్ వేసి, పడినన్ని అంగుళాలు ఎదుటివాడి మీదికి దూకడం) దూరంలో పెట్టాలి. మరీ దూరమైతే అందదు, మరీ దగ్గరైతే రెండూ కలిసి పోతాయి.

టేప్ తీసి కొలవండి

డాన్ ఆఫ్ వార్ అనే మ్యాప్ తీసుకుందాం. ఇద్దరి జోన్లూ పొడవైన అంచుల వెంట, ఒక్కోటి 12 అంగుళాల లోతు. టేబుల్ వెడల్పు 44 కాబట్టి మధ్యలో 20 అంగుళాలు ఖాళీ.

ప్రత్యర్థి దగ్గర 12 అంగుళాలు కదిలే గుర్రపు దండో, బైకుల దండో ఉందనుకోండి. వాడు తన జోన్ ముందు గీత మీద, మీరు మీ జోన్ ముందు గీత మీద నిలబడ్డారు. వాడు 12 కదిలితే మిగిలేది 8. ఛార్జ్‌లో ఒక అంగుళం దూరంలోకి వస్తే చాలు కనుక వాడికి రెండు డైస్ మీద 7 పడాలి. 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడే అవకాశం 58 శాతం. అదే మీరు గీత నుంచి రెండంగుళాలు వెనక్కి జరిగితే వాడికి 9 పడాలి, అవకాశం 28 శాతానికి దిగిపోతుంది. ఇంకో అంగుళం జరిగితే 10 కావాలి, 17 శాతం. మూడంగుళాల కదలికతో సగం మీద ఉన్న ప్రమాదం ఆరింట ఒక వంతుకు వచ్చింది. ఈ లెక్క చేసుకోకుండా అందరినీ గీత మీదే వరసగా నిలబెట్టేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పరిగెత్తి కూడా ఛార్జ్ చేయగల యూనిట్లు కొన్ని ఉంటాయి, వాటికి ఇంకో డైస్ కలుపుకుని లెక్కేయండి.

పొట్టి అంచుల వెంట జోన్లు ఉండే హ్యామర్ అండ్ యాన్విల్‌లో మధ్య ఖాళీ 24. అక్కడ అదే గుర్రపు దండుకు 11 పడాలి, అంటే 8 శాతం. అందుకని ఆ మ్యాప్‌లో గీత మీద నిలబడ్డా పెద్దగా భయం లేదు. మ్యాప్ మారితే అలవాటూ మారాలి.

తుపాకుల లెక్క వేరు. ఆరంగుళాలు కదిలి 24 అంగుళాల రేంజ్‌తో కాల్చేవాడికి 30 అంగుళాలు అందుతుంది. మధ్య ఖాళీ 20 పోగా మీ జోన్‌లో పదంగుళాల లోతు దాకా వాడి చేతిలో ఉన్నట్టే. జోన్ లోతే 12. 48 అంగుళాల ఫిరంగికైతే ఇక చెప్పేదేముంది. కాబట్టి వెనక్కి జరగడం ఛార్జ్ నుంచి కాపాడుతుంది గానీ తుపాకీ నుంచి కాపాడదు. తుపాకీ నుంచి కాపాడేది గోడే.

ఏది ముందు, ఏది చివర

వార్‌హ్యామర్‌లో ఒకరి తర్వాత ఒకరు ఒక్కో యూనిట్ చొప్పున పెడతారు, డిఫెండర్‌గా తేలిన ఆటగాడు మొదలుపెడతాడు. ఒకరివి అయిపోతే రెండోవాడు మిగిలినవన్నీ వరసగా పెట్టుకోవచ్చు. అంటే ఎవరి దగ్గర ఎక్కువ యూనిట్లు ఉంటే వాళ్లు ఎదుటివాడి సేన మొత్తం చూసి మరీ చివరివి పెడతారు. వాహనంలో ఎక్కించిన దళం వాహనంతో కలిపి ఒకటే లెక్క, ఆ సంగతి మరవకండి. చవక యూనిట్లు మూడు నాలుగు ఎక్కువున్న సైన్యానికి అవి పోరాడకపోయినా ఇంత లాభం ఉంది.

సూత్రం ఏమిటంటే, మీ ఆలోచన బయటపెట్టనివి ముందు, బయటపెట్టేవి చివర. కాపలా యూనిట్ ఎలాగూ ఇంటి ఆబ్జెక్టివ్ మీదే ఉంటుంది, దాన్ని చూసి ఎదుటివాడికి కొత్తగా తెలిసేది లేదు. మొదట అది పెట్టండి. తర్వాత అడ్డంగా నిలబెట్టే చవక దళాలు. ఆ తర్వాత వేగంగా కదిలేవి. 12 అంగుళాలు కదిలే యూనిట్ తప్పు పక్కన పడ్డా ఒక టర్నులో సర్దుకుంటుంది. నెమ్మదిగా కదిలే ఖరీదైన దెబ్బ యూనిట్లు, పెద్ద ఫిరంగులు ఆఖరికి.

దీనికి మినహాయింపు ఇన్‌ఫిల్ట్రేటర్లు. వాళ్లు జోన్ బయట ఎక్కడైనా దిగొచ్చు, ప్రత్యర్థి జోన్‌కూ అతని బొమ్మలకూ తొమ్మిది అంగుళాల కంటే ఎక్కువ దూరంలో ఉంటే చాలు. ఇద్దరి దగ్గరా అలాంటివాళ్లు ఉంటే మధ్య ఇంటిని ముందు ఎవరు పట్టుకుంటే రెండోవాడు ఆ చుట్టుపక్కలకు రాలేడు. అప్పుడు దాపరికాలు పక్కనపెట్టి మొదటి చాన్సులోనే దించేయాలి.

మా బావ ఎప్పుడూ ట్యాంకే ముందు పెడతాడు. “ఏం బావా, అప్పుడే పెట్టేశావా?” అంటే “ఆయ్, రాత్రే పెయింటింగ్ అయ్యింది బావా, చూస్తావని” అంటాడు. చూస్తాను. చూసి, ట్యాంకులను పగలగొట్టే నా తుపాకులన్నీ దానికి ఎదురుగా తెచ్చి పెట్టుకుంటాను. పెయింటింగ్ మాత్రం నిజంగా బాగా చేస్తాడు.

మోహరింపుతోనే ఎదుటివాణ్ని బోల్తా కొట్టించిన అసలు యుద్ధం ఒకటి మనకు దగ్గర్లోనే జరిగింది. 1758 డిసెంబరులో, పిఠాపురం దగ్గరి చందుర్తిలో. ఒకవైపు కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలో కుంఫిణీ సేన, దానికి తోడు విజయనగరం రాజు ఆనంద గజపతి బలగం. రెండోవైపు కాన్‌ఫ్లాన్ నడిపిన ఫ్రెంచి సేన. ఫోర్డ్ తన తెల్లసైనికులను మధ్యలో, సిపాయిలను రెండు పక్కలా నిలబెట్టాడు. మధ్యలో ఉన్నవాళ్లను ఎత్తుగా ఎదిగిన చేను కప్పేసింది. పక్కన నిలబడ్డ సిపాయిలకేమో ఎర్రకోట్లు. ఫ్రెంచివాళ్లు ఆ ఎర్రకోట్లను చూసి అసలైన ఇంగ్లీషు పటాలం అదేననుకుని దాని మీద పడ్డారు. సిపాయిలు చెదిరిపోయారు, ఫ్రెంచివాళ్లు వరసలు వదిలి వెంటపడ్డారు. అప్పుడు చేనులోంచి బయటికొచ్చిన తెల్లసైనికులు వాళ్ల పక్కన దెబ్బ కొట్టారు. కాన్‌ఫ్లాన్ రాజమండ్రికి పారిపోయాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఫ్రెంచివాళ్ల చేయి దాటిపోయింది.

ఫోర్డ్ ఇదంతా ముందే అనుకుని చేశాడా, చేను కలిసొచ్చిందా అన్నది పక్కనపెట్టండి. మన టేబుల్ మీద చేనులో దాక్కునే వీలు లేదు, బొమ్మలన్నీ ఇద్దరికీ కనబడుతూనే ఉంటాయి. దాచగలిగేది ఉద్దేశాన్నే. ఎడమ పక్కన వరసగా మూడు చవక యూనిట్లు పెట్టి చూడండి, ఎదుటివాడు మీ బలమంతా అటే వస్తుందనుకుని తన ఫిరంగులను అటు తెస్తాడు. అవే మీ ఎర్రకోట్లు. తర్వాత మీ దెబ్బ యూనిట్లు కుడిపక్కన దించండి.

కొన్ని చారిత్రక గేముల్లో ఒకరు మొత్తం సేనను పెట్టేశాకే రెండోవాళ్లు మొదలుపెడతారు. అక్కడ ముందు పెట్టేవాడికి ఈ ఎత్తు నడవదు. సేనను మధ్యలో, ఎటైనా తిరిగేలా పెట్టుకోవడమే దారి.

మొదటి టర్ను ఎవరిదో తెలియదు కదా

మోహరింపు అంతా అయ్యాకే మొదటి టర్ను ఎవరిదని డైస్ వేస్తారు. సగానికి సగం అవకాశం. అయినా నూటికి తొంభై మంది తామే మొదలుపెడతామన్నట్టు సేనను పరుస్తారు, అదేం ఆశో. ఎదుటివాడే మొదలుపెడతాడనుకుని పెట్టండి. మొదటి టర్ను మీకొస్తే సంతోషం.

ఎలాగంటే, పెట్టిన చోట కనబడకూడదు, కానీ ఒక్క కదలికలో బయటికొచ్చి కాల్చగలగాలి. ఫిరంగి బండిని ఇంటి మూల వెనక పెట్టి, ఆ మూల నుంచి బయటికి ఎన్ని అంగుళాలో కొలవండి. పదంగుళాలు కదిలే బండి అయితే మూలకు ఎనిమిది అంగుళాల లోపు ఉండాలి, ఎందుకంటే మూల దాటి కాస్త బయటికొస్తేగానీ దానికి అటు కనబడదు. కాలినడక వాళ్లకు ఈ బాధ లేదు, గోడకు ఆనించి నిలబెట్టండి, టర్ను రాగానే గోడలోంచి వెళ్లిపోతారు.

అన్నీ దాచడానికి చోటు చాలదు. అప్పుడు వరస పెట్టుకోండి. ప్రత్యర్థి మొదట చంపాలనుకునేది ఏదో అది గోడ వెనక్కి, చచ్చినా ఏడవనిది బయటికి. బయట పెట్టేదాన్ని కూడా, దాన్ని కాల్చాలంటే ఎదుటివాడు తన మంచి ఫిరంగిని ముందుకు తెచ్చుకోవాల్సి వచ్చే చోట పెడితే ఇంకా బాగు. బోల్ట్ యాక్షన్‌లో సంచిలోంచి ఆర్డర్ డైస్ తీస్తూ ఒక్కో యూనిట్ కదుపుతారు కాబట్టి ఈ టెన్షన్ చాలా తక్కువ.

స్కౌట్ యూనిట్లు ఉంటే, మోహరింపు అయ్యాక మొదటి టర్నుకు ముందు కాస్త కదులుతాయి. వాటిని గీత మీద పెట్టుకుని, మొదటి టర్ను మీది కాదని తేలితే అదే కదలికతో గోడ వెనక్కి లాక్కోవచ్చు. ముందుకే వెళ్లాలని రూలేమీ లేదు.

వెనక తలుపు మూయడం, రిజర్వు

ఆకాశంలోంచి దిగే యూనిట్లు రెండో రౌండు నుంచి వస్తాయి, మీ బొమ్మలన్నిటికీ తొమ్మిది అంగుళాల కంటే ఎక్కువ దూరంలో ఎక్కడైనా. అంటే మీరు ఖాళీ వదిలిన చోటల్లా వాటికి గుమ్మమే.

ఐదుగురున్న దళాన్ని చూడండి. ఒక్కో బొమ్మ కిందుండే గుండ్రటి బేస్ 32 మిల్లీమీటర్లు, అంటే అంగుళంపావు. మనిషికీ మనిషికీ మధ్య రెండంగుళాలు వదలొచ్చు. వరసగా నిలబెడితే సుమారు 14 అంగుళాలు వస్తుంది. రెండు చివరలా తొమ్మిదేసి కలిపితే 32 అంగుళాల మేర ఎవరూ దిగలేరు. టేబుల్ పొడవు 60. అంటే చవక దళాలు రెండు ఉంటే వెనక అంచు మొత్తం మూసేయొచ్చు. రెండు దళాల చివరి బొమ్మల మధ్య దూరం 18 అంగుళాలు దాటకుండా చూసుకుంటే వాటి మధ్యలో కూడా దిగడానికి చోటుండదు. పదిమంది దళంతో దీనికి రెట్టింపు వస్తుందనుకోకండి. ఏడుగురు, అంతకంటే ఎక్కువ ఉన్న దళంలో ప్రతి బొమ్మకూ రెండంగుళాల లోపు ఇంకో ఇద్దరు ఉండాలి, ఒంటి వరస సాగదు. అందుకే ఈ పనికి ఐదుగురి దళాలే మేలు.

ఎంత వరకూ మూయాలన్నది ఎదుటివాడి చీటీ చూసి నిర్ణయించండి. ఆకాశంలోంచి దిగేవాళ్లు వాడి దగ్గర లేకపోతే, అంచుల నుంచి వచ్చే రిజర్వు ఒక్కటే ఉంటే, అంచుల దగ్గర కాపలా చాలు. ఆ రిజర్వు రెండో రౌండులో ఏ అంచు నుంచైనా ఆరంగుళాల లోపు వస్తుంది గానీ మీ జోన్‌లోకి రాలేదు. మూడో రౌండు నుంచి మీ జోన్‌లోకీ వస్తుంది. కాబట్టి రెండో రౌండు వరకు ఇంట్లో కాపలా పల్చగా ఉన్నా పర్వాలేదు.

ఇక మన రిజర్వు. వ్యూహాత్మక రిజర్వులో మొత్తం పాయింట్లలో పావు వంతు వరకు పెట్టొచ్చు, రెండు వేల ఆటలో ఐదొందలు. మూడో రౌండు ముగిసేలోగా రాకపోతే ఆ యూనిట్ చచ్చినట్టే లెక్క. వెనక బలగం లేకుండా యుద్ధం చేయకూడదని, రాజు ఆ బలగంతో రెండొందల ధనువుల వెనక నిలవాలని అర్థశాస్త్రంలోనే ఉంది, కాబట్టి రిజర్వు పెట్టడం పిరికితనం అనుకోనక్కర్లేదు. గోడ వెనక చోటు దొరకని ఖరీదైన యూనిట్‌కు రిజర్వే మంచి గోడ. కానీ వచ్చీ రాగానే తొమ్మిది అంగుళాల ఛార్జ్ చేయిద్దామని ఆశపడొద్దు. అది నూటికి 28 సార్లే పడుతుంది. మిగిలిన 72 సార్లు మీవాడు పద్మవ్యూహంలో అభిమన్యుడే. దింపిన యూనిట్ పక్కన ఇంకో యూనిట్ కూడా అదే టర్నులో చేరేలా ఉంటేనే దింపండి, లేదంటే ఖాళీగా ఉన్న ఆబ్జెక్టివ్ మీదకు దింపండి.

కాలువ ఉన్న టేబుల్ మీద

డెల్టా టేబుల్‌కు ఎత్తుపల్లాలు ఉండవు. కొండెక్కి కాల్చడాలు లేవు. ఉన్నదల్లా నీళ్లు, గట్లు. అందుకని ఇక్కడ మోహరింపంతా కాలువ దాటే చోట్ల చుట్టూ తిరుగుతుంది.

లెక్క చూడండి. జోన్ల మధ్య 20, మధ్యలో కాలువ మూడు. మీ గీత నుంచి కాలువ ఒడ్డుకు ఎనిమిదిన్నర అంగుళాలు. ఆరంగుళాలు నడిచే సైనికులు మొదటి టర్నులో ఒడ్డుకు చేరరు. రెండో టర్నులో ఒడ్డు చేరడానికి రెండున్నర పోగా మిగిలిన మూడున్నరతో నీళ్లలో రెండంగుళాలు కూడా దాటలేరు. అవతలి గట్టు ఎక్కేది మూడో టర్నులో. గీత మీద నిలబడి, మొదటి టర్నులో పరుగుతీస్తే, డైస్ మీద మూడు పడినా చాలు, ఒడ్డుకు చేరతారు, రెండో టర్ను కదలిక మొత్తం కాలువ దాటడానికి సరిపోతుంది. అదే దళాన్ని నాలుగంగుళాలు వెనక పెట్టారంటే ఆరు పడినా ఒడ్డు అందదు. పైన ఛార్జ్ భయంతో వెనక్కి జరగమన్నాను, ఇక్కడ గీత మీద పెట్టమంటున్నాను. రెండూ నిజమే. ఏ యూనిట్ పని ఏమిటో రాసుకోమన్నది ఇందుకే. కాలువ దాటాల్సినవాళ్లు గీత మీద, మిగతావాళ్లు వెనక.

వంతెనల దగ్గర క్యూ జాగ్రత్త. ట్యాంకు మీదుగా ట్యాంకు వెళ్లదు. రెండు పెద్ద బండ్లను ఒకే వంతెనకు ఎదురుగా వరసగా పెడితే, ముందున్నది వంతెన మీద ఆగగానే వెనకది సంక్రాంతి ముందురోజు రావులపాలెం వంతెన మీద కారులా నిలబడిపోతుంది. ఒక్కో వంతెనకు ఒకే బండి. దానికంటే ముందు ఐదుగురి చవక దళం దాటి అవతలి మొగలో నిలవాలి. ఎదుటివాడూ ఐదుగురితో వంతెనకు బిరడా వేయాలని చూస్తాడు, అందుకని వంతెన అవతలి చివర కనబడేలా 24 అంగుళాల లోపు ఒక తుపాకీ దళాన్ని ముందే పెట్టుకోండి.

గట్టు మీద నిలబెట్టిన దళానికి అన్నీ కనబడతాయి, అది కూడా అందరికీ కనబడుతుంది. మోహరించేటప్పుడు గట్టు కింద, ఇవతలి వైపు పెట్టండి. టర్ను వచ్చాక ఎక్కుతారు. కాలువ మధ్యలో లంక ఒకటి పెట్టి దాని మీద ఆబ్జెక్టివ్ వేస్తే ఎగిరే యూనిట్లకు పండగే. అలాంటిది మీ దగ్గర ఒక్కటే ఉంటే దాన్ని మోహరింపులో ఆఖరున దించండి.

ఇంకొకటి. కాలువ నిలువుగా, ఒకరి జోన్‌నుంచి ఇంకొకరి జోన్‌లోకి పారేలా ఉంటే మీ సేన మొదటినుంచే రెండు ముక్కలు. సగం సగం పంచకండి. మూడింట రెండు వంతులు ఒక ఒడ్డున పెట్టి, రెండో ఒడ్డున ఆలస్యం చేయించేవాళ్లను మాత్రమే ఉంచండి. ఎదుటివాడు సగం సగం పంచి ఉంటే మీ పెద్ద ఒడ్డున మీదే పైచేయి, అతని రెండో సగం కాలువ అవతల చూస్తూ ఉంటుంది.

ఆకారాలు

పేర్లు పెట్టి పది రకాల ఆకారాలు చెబుతారు గానీ పనికొచ్చేవి మూడే. అన్నిటినీ ఓ మూల గుమిగూడ్చి చుట్టూ చవకవాళ్లను కంచెలా పెట్టడం ఒకటి. దూరం కాల్చే సైన్యాలకు బాగుంటుంది, కానీ ఆబ్జెక్టివ్‌లు ఐదు ఉంటే మూల నుంచి గెలవడం కష్టం. ఒక పక్కను బలంగా ముందుకు పెట్టి రెండో పక్కను వెనక్కి లాగేయడం రెండోది. ఎదుటివాడి సగం సైన్యం ఎవరూ లేని చోటికి నడుచుకుంటూ రావాలి, వచ్చేసరికి మూడో టర్ను అవుతుంది. నెమ్మదిగా నడిచే సేనల మీద దీన్ని మించింది లేదు. మూడోది అంతటా పలచగా పరచడం, ఇది వేగంగా కదిలే సేనకు తప్ప వద్దు.

ఆడటానికి టైం లేనప్పుడు

పూర్తి ఆటకు మూడు గంటలు పడుతుంది. ఇద్దరూ ఉద్యోగాల మీద ఉంటే అంత తీరిక దొరకదు. మోహరింపు ఒక్కటే సాధన చేయండి. సేనలు పెట్టండి, మొదటి టర్ను ఎవరిదో డైస్ వేయండి, రెండో రౌండులో పాయింట్లు వేసేదాకా ఆడి ఆపేయండి. బొమ్మలు తీసి, అదే టేబుల్ మీద సైన్యాలు మార్చుకుని మళ్లీ పెట్టండి. ఎదుటివాడి సైన్యాన్ని మీ చేత్తో మోహరిస్తే దాని కష్టాలు అర్థమవుతాయి, తర్వాత ఎక్కడ కొట్టాలో కూడా తెలుస్తుంది.

మొదటి టర్ను డైస్ వేయకముందు కుర్చీ ఎక్కి పైనుంచి ఒక ఫోటో తీయండి. రెండో రౌండు మొదట్లో ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ యూనిట్ అనుకున్న చోటికి చేరిందో, ఏది మధ్యలో ఇరుక్కుందో కనబడుతుంది. ఫోటో తీసేటప్పుడు కొలిచే టేప్‌ను టేబుల్ అంచు వెంట విప్పి పెట్టండి. లేకపోతే మర్నాడు ఆ ఫోటోలో దూరాలు ఎవరికీ తెలియవు, మళ్లీ డైస్‌నే తిట్టుకోవాల్సి వస్తుంది.